నాలుగు మడతల పసుపు కాగితం

పోయిన వారం మీరు నన్ను గడియారం బాబాయ్ సొరుగు ముందు వదిలేసి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. మీకు వారం గడిచింది, నాకు ఒక్క రాత్రి. ఆ రాత్రి ఎలా గడిచిందో అడక్కండి, కంటికి కునుకు లేదు.

కొత్తగా కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మా ఊళ్ళో ఒక సదనం ఉంది. పేపర్లలో రెండుసార్లు పడింది, రెండుసార్లూ పక్కన 'ఆరోపణలు' అనే మాట ఉంది. లోపల ఓ యాభైమంది ఉంటారు. బూడిద రంగు కోట్లు, గొంతు దాకా బొత్తాలు, పొద్దున్న ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, మధ్యలో రొట్టెలు కాల్చి బజార్లో అమ్మడం. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. భోజనం దగ్గర్నుంచి లేవాలంటే "లేవచ్చా?" అని అడగాలి. అమ్మ నన్నూ చెల్లినీ అక్కడికి తీసుకెళ్ళినప్పుడు నాకు ఇరవై, దానికి పన్నెండు. అమ్మ అక్కడే పోయింది. నేను మూడేళ్ళ కిందట బయటికొచ్చేశాను. చెల్లి రాలేదు. రాలేదంటే, నేను తీసుకురాలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను, ఇప్పుడు చెప్పడానికి నోరు రావడం లేదు.

పోయిన శుక్రవారం కంటి ఆసుపత్రికి వచ్చినప్పుడు చెల్లి మా నర్సు వదిన చెవిలో ఒక మాట వేసింది: "గురువారం కళ్ళజోడుకి తీసుకొస్తారు. వెనక గుమ్మం తీసి ఉంచితే వచ్చేస్తాను." ఆ సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, నర్సు వదినకి, నా పక్క సగం షాపులో గడియారాలు బాగుచేసే బాబాయ్‌కి. ముగ్గురమూ సదనం గోడ దాటి వచ్చినవాళ్ళమే. గురువారం వచ్చింది, చెల్లి రాలేదు. దాని చీటీ పట్టుకుని ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంది. "ఆవిణ్ణి రెండో ఇంటికి పంపించారు. టైలరుగారికి నమస్కారాలు" అంది నర్సు వదినతో. టైలరుగారంటే నేనే.

అంటే ఎవరో ఉప్పందించారు. నేను కాదు. ఆ సాయంత్రం కుట్లు విప్పే బ్లేడు కోసం బాబాయ్ సొరుగు లాగితే, అడుగున పసుపు కాగితాలు కనిపించాయి. నాలుగు మడతలు పెట్టి, రాసినవైపు లోపలికి తిప్పి, ఒక మూల కత్తిరించి ఉన్నాయి. లోకంలో సదనం వాళ్ళు తప్ప కాగితాన్ని అలా ఎవరూ మడవరు. పైదాన్ని విప్పాను. 'ఈ వారం నేను చూసినవి: టైలరు రెండుసార్లు ఏడ్చింది. ఒకసారి జిప్పు విరిగినందుకని చెప్పింది.' అంతవరకే చదివాను. బాబాయ్ టీ గ్లాసులు కడుక్కుని వస్తున్న చప్పుడైంది, సొరుగు మూసేశాను.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నరకే షట్టరెత్తాను. ఒక జీన్సు ప్యాంటు అంచు మడవడానికి మూడు సూదులు విరిచాను. లేచి ఇస్త్రీపెట్టె పెట్టాను, అది వేడెక్కేలోపు ఆపేశాను. వేలాడుతున్న బట్టలన్నీ తీసి రంగుల వారీగా సర్దాను, మళ్ళీ తీసి తేదీల వారీగా సర్దాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలీదు. సగం షాపులో ఎంత తిరిగినా ఎనిమిది అడుగులే.

బాబాయ్ ఎప్పట్లాగే తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా వచ్చాడు. బల్ల మీది గుడ్డ తీసి దులిపాడు, భూతద్దం తుడుచుకున్నాడు. గోడ మీద పద్దెనిమిది గడియారాలు పద్దెనిమిది టైములు చూపిస్తుంటే ఆయనకి అదో పెద్ద కాపురం.

"ఏమ్మా, సూదులన్నీ నేల మీదున్నాయి. కోపం మిషను మీదా, ప్యాంటు మీదా?" అన్నాడు.

"మనిషి మీద."

"ఏ కస్టమరు?"

నేను వంగి విరిగిన సూదులు ఏరాను. ఈ మనిషి నాకు ఏమవుతాడో మీకు తెలుసు. నేను సదనం కోటుతోనే రోడ్డున పడినప్పుడు, ఆ కోటు చూసి, నన్ను గుర్తుపట్టి దుకాణం దిగొచ్చిన ఏకైక మనిషి. "ముందు ఆ పై బొత్తాం విప్పమ్మా, ఊపిరాడుతుంది" అన్నాడు. తన షాపులో సగం నాకిచ్చి, పాత మిషనొకటి తెచ్చిపెట్టాడు. నాన్న ముఖం నాకు గుర్తులేదు. గుర్తు చేసుకోవాలనిపించినప్పుడల్లా ఈయన ముఖమే పెట్టుకునేదాన్ని. అందుకే ఒళ్ళు మండిపోతోంది. పరాయివాడైతే ఈపాటికి నాలుగూ దులిపేసి ఉండేదాన్ని.

తొమ్మిదింబావుకి నర్సు వదిన వచ్చింది. నైట్ డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చింది. నేను షట్టరు సగం దించాను.

"ఇవాళ ఆదివారం కాదుగా అమ్మాయ్?" అంది. మేం ముగ్గురం ఆదివారం నాలుగింటికి షట్టరు సగం దించుకుని కూర్చుంటాం. ఎవరికేం గుర్తొస్తే అది చెప్పుకుంటాం. పోయిన ఆదివారమే వదిన చెప్పింది: హోటల్లో టీ తాగేసి, అలవాటుకొద్దీ సర్వరుని "లేవచ్చా?" అని అడిగిందట. వాడు కంగారుపడి "లేవండమ్మా, కుర్చీ మాదేగానీ మీరు మీరే కదా" అన్నాడట. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

"ఆదివారం కాదు. కూర్చో వదినా. బాబాయ్, సొరుగు తియ్యి."

బాబాయ్ నా వైపు చూశాడు. తర్వాత సొరుగు వైపు చూశాడు. బుకాయిస్తాడనుకున్నాను. ఏ కాగితాలమ్మా అంటాడనీ, పాతవి అంటాడనీ అనుకుని అన్నిటికీ జవాబులు రాత్రంతా తయారుచేసి పెట్టుకున్నాను. ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"చదివావా?"

"రెండు వాక్యాలు."

"అయితే జిప్పు దాకా చదివావన్నమాట."

సొరుగు లాగి కాగితాల కట్ట తీసి నా మిషను మీద పెట్టాడు. నర్సు వదిన వాటిని చూడగానే లేచి నిలబడింది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ మడత మా అందరి వేళ్ళల్లో ఉంది. దాన్ని నివేదన అంటారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి అందరూ పొడుగాటి బల్లల ముందు కూర్చుని రాయాలి. ఆ వారం తను చేసిన తప్పు, పక్కవాళ్ళు చేస్తుండగా చూసిన తప్పు, మనసులో వచ్చిన తప్పు. రాసి, మడిచి, చెక్కపెట్టెలో వేస్తే ఆ వారం కడుక్కున్నట్టు. సదనం నడిపే పెద్దాయన చదువుతాడు. చిన్నపిల్లలు కూడా రాస్తారు. మా చెల్లి పన్నెండేళ్ళప్పుడు మొదటి నివేదనలో 'అక్క తన రొట్టె ముక్క నాకు ఇచ్చేసి ఆకలి లేదని అబద్ధమాడింది' అని రాసింది. నాకు మూడు రోజులు మౌనం శిక్ష వేశారు.

"ఆరేళ్ళయింది నువ్వు బయటికొచ్చి. ఆరేళ్ళు! ఎవరికి రాస్తున్నావు బాబాయ్ ఇవి?" అన్నాను.

"ఎవరికీ కాదు."

"ఎవరికీ కాకపోతే ఇక్కడెందుకున్నాయి?"

"ఇక్కడున్నవి బాగా రానివి. కొట్టివేతలున్నాయి. శుభ్రంగా రాసినవి..." ఆయన ఆగాడు.

"శుభ్రంగా రాసినవి?"

"వేసేస్తాను. సోమవారం పొద్దున్న. రొట్టెల కొట్టు గుమ్మానికున్న ఉత్తరాల డబ్బాలో."

రొట్టెల కొట్టంటే సదనం వాళ్ళది. నర్సు వదిన తన స్టూలు లాక్కుని నా వైపుకి జరిగింది. అది చూసి బాబాయ్ ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది, ఆ జాలి మీద ఇంకా కోపమొచ్చింది.

"నట్టేట ముంచావు కదా బాబాయ్!" అన్నాను. "గురువారం సంగతి రాశావా అందులో?"

"రాశాను."

సరిగ్గా అప్పుడే షట్టరు కింద నుంచి ఒక బట్టతల లోపలికి తొంగిచూసింది. కోటాయన. పోయిన నెల నుంచీ కోటు వదులు చెయ్యమని తిరుగుతున్నాడు.

"ఉన్నారా అమ్మా? నా కోటు..."

లోకం తల్లకిందులైనా కస్టమరు కస్టమరే. కోటు తీసిచ్చాను. ఆయన అక్కడే తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, బొత్తాం పెట్టుకుని, "చూశారా, నేను లావెక్కలేదు, కోటే బిగిసింది" అన్నాడు. అవునండీ, బట్టలకి ఈమధ్య ఆ జబ్బు వస్తోంది అన్నాను. ఆయన ముగ్గురి ముఖాలూ చూసి, ఎవరైనా పోయారేమోనని గొంతు తగ్గించి, చల్లగా జారుకున్నాడు. షట్టరు మళ్ళీ దించాను.

బాబాయ్ అప్పటికి ఒక చేతిగడియారం విప్పి ముందు పెట్టుకున్నాడు. చేతికి పని లేకపోతే ఆయన మాట్లాడలేడు.

"ఏం జరిగిందో వినండి, తర్వాత ఏమైనా అనండి" అన్నాడు. "బయటికొచ్చిన మొదటి ఆదివారం రాయలేదు. సోమవారం చెయ్యి వణికింది. వెంట్రుకంత స్ప్రింగు, పట్టకారుతో పట్టుకోలేకపోయాను. రెండో ఆదివారమూ అంతే. పనిలోంచి తీసేస్తామన్నారు అప్పటి షాపువాళ్ళు. మూడో ఆదివారం ఒక కాగితం కొనుక్కుని రాశాను. వణుకు తగ్గింది. కానీ రాసింది దగ్గర పెట్టుకుంటే పూర్తయినట్టు లేదు. పెట్టెలో వెయ్యని నివేదన నివేదన కాదు కదా. అది మనకి ఎట్లా పట్టించారో మీకు నేను చెప్పాలా?"

నర్సు వదిన చెప్పక్కర్లేదన్నట్టు తలూపింది. ఇప్పటికీ ఆదివారం ఆరయ్యేసరికి ఆవిడ ఇల్లంతా తుడుస్తుంది. నేనైతే ఆ గంటలో ఎక్కడికో ఒకచోటికి నడుస్తాను. ఎక్కడికన్నది ముఖ్యం కాదు, కాళ్ళు ఆడాలి. బయటికి రావడమంటే గోడ దాటడమే అనుకున్నాం ముగ్గురమూ. గోడ దాటడానికి నాకు పట్టింది పావుగంట. మిగతాది మూడేళ్ళుగా దాటుతూనే ఉన్నాను.

"వేసేది సరే. వాళ్ళు చదువుతారని తెలీదా?" అంది వదిన.

"చదవరు!" బాబాయ్ మొదటిసారి గొంతు పెంచాడు. "వెళ్ళిపోయినవాళ్ళ ఉత్తరం విప్పకూడదు. అలాగే పొయ్యిలో వెయ్యాలి. అది సదనం నియమం. ఆ పని పదకొండేళ్ళు చేసింది నేనే. పొద్దున్నే రొట్టెల కొట్టు డబ్బాలోంచి ఉత్తరాలు తెచ్చేవాళ్ళు. పొయ్యి వెలిగించేటప్పుడు వేసేవాణ్ణి. ఎన్ని ఉత్తరాలో! పైన చిరునామా చూస్తే తెలిసిపోయేది, ఎవరి తల్లో, ఎవరి తమ్ముడో. ఒక్కటి విప్పలేదమ్మా. ఒక్కటంటే ఒక్కటి. నేను విప్పలేదు కాబట్టి ఎవరూ విప్పరనుకున్నాను. బూడిదైపోయేదే కదా, ఏం రాస్తే ఏంటని అన్నీ రాశాను."

ఇలాంటి పొరపాటు లోకంలో ఇంకెవరు చేస్తారు? దొంగ కూడా తాళం వేసుకుంటాడు. ఈయన ఆ తాళానికి కాపలా ఉన్నవాడు కాబట్టి, అది ఎప్పటికీ ఊడదనుకున్నాడు. అంత నమ్మకం ఉన్న మనిషి అక్కడి నుంచి ఎందుకు వచ్చేశాడో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడక్కుండానే చెప్పాడు.

"చివరికి ఒకటి విప్పాను. వచ్చేసే రోజు. దాని మీద నా పేరుంది."

అందులో ఏముందని మేం అడగలేదు. ఆయన చూపు గడియారం మీదే ఉంది, పట్టకారు మాత్రం కదలడం లేదు.

నా కోపానికి ఎక్కడ నిలబడాలో తెలీలేదు. చెల్లిని పట్టించిన మనిషి నా ఎదురుగా ఉన్నాడు, దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపిస్తోంది. లేచి ఎనిమిది అడుగులు నడిచాను, తిరిగొచ్చాను. "ఎవరు చదివారు మరి? ఇప్పుడు ఆ పొయ్యి దగ్గర ఎవరుంటారు?" అన్నాను.

నర్సు వదిన ఠక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది. నవ్వాపుకోవడానికి కాదు.

"మీ చెల్లి" అంది. "డాక్టరుతో అదే చెప్పింది. కళ్ళెందుకింత ఎర్రగా ఉన్నాయంటే, మూడేళ్ళ నుంచీ పొయ్యి దగ్గరే పని, పొగ అంది."

మూడేళ్ళ నుంచీ. అంటే నేను వచ్చేసిన దగ్గర్నుంచీ.

"వదినా, ఆ రోజు అది నీతో ఇంకో మాట అంది. నా గోరు గురించి."

"'అక్క గోరు మళ్ళీ మొలిచిందా?' అంది. నీకెలా తెలుసు అనబోయేలోపు తోడొచ్చినావిడ వచ్చేసింది. నువ్వే ఎవరితోనో కబురు పంపావనుకున్నాను."

"నేను నువ్వే చెప్పావనుకున్నాను."

రెండు నెలల కిందట మిషను సూది నా చూపుడు వేలి గోట్లోంచి దిగిపోయింది. ఆ వేలు పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది బాబాయే. ఆ ఆదివారం నివేదనలో అది రాశాడని నేను ప్రత్యేకంగా అడగక్కర్లేదు. మేమిద్దరం ఆయన వైపు చూశాం.

"రాశాను" అన్నాడు బాబాయ్. "నా పొరపాటని రాశాను. లైటు బాగుచెయ్యలేదని."

నేను స్టూలు మీద కూలబడ్డాను. మూడేళ్ళు నేను చెల్లికి ఒక్క ఉత్తరం రాయలేదు. రాసినా కాల్చేస్తారని, అది చదవదని. ఆ మూడేళ్ళూ అది పొయ్యి ముందు కూర్చుని, మంట వెలుగులో, ప్రతి సోమవారం నన్ను చదువుకుంది. నేను ఎన్నిసార్లు ఏడ్చానో, ఏ జిప్పు మీదికి నెట్టానో దానికి తెలుసు. పొగలో కళ్ళు పాడుచేసుకుని తెలుసుకుంది. చదివి కాల్చేసేది కాబోలు, లేకపోతే ఎప్పుడో దొరికిపోయేది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి దేనిమీదికీ నెట్టలేదు.

బాబాయ్ లేచి, అడుగు ముందుకేసి, ఆగిపోయాడు. రావచ్చో రాకూడదో తెలియనట్టు నిలబడ్డాడు.

"అయితే ఈ సోమవారం కూడా అదే చదివి ఉండాలి కదా. మరి ఎలా బయటపడింది?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

దానికి జవాబు నర్సు వదిన ముఖంలో కనిపించింది. పాలిపోయింది. "చీటీ రాయించింది నేనే" అంది. "వారం రోజులు పొగ దగ్గరికి పంపకూడదని, డాక్టరు చేత సంతకం పెట్టించి తోడొచ్చినావిడ చేతికిచ్చాను. పాపం కళ్ళు అలా ఉన్నాయని. ఈ సోమవారం పొయ్యి దగ్గర అది లేదు. ఇంకెవరో ఉన్నారు."

వదిన మంచికే చేసింది, బాబాయ్ అలవాటుకి చేశాడు, మధ్యలో నా చెల్లి ఇరుక్కుపోయింది.

"రెండో ఇల్లంటే ఎక్కడ బాబాయ్? ఇంకో ఊరా? లోపలున్నన్నాళ్ళూ ఆ సంగతి అడగనిచ్చేవాళ్ళు కాదు."

"ఇంకో ఇల్లేం లేదమ్మా. అలా అంటారు. మేడ మీది గది. బయట గడియ ఉంటుంది. నలభై రోజులు. తిండి గుమ్మం దగ్గర పెడతారు, మాట్లాడకూడదు." ఆయన గుక్క తిప్పుకున్నాడు. "నలభై రోజులయ్యాక కిందికి దిగినవాళ్ళని చూశాను. తలుపు తెరిచి పెట్టినా బయటికెళ్ళరు. వెళ్ళమన్నా వెళ్ళరు."

"నన్ను తొమ్మిది రోజులుంచారు" అంది వదిన. "తొమ్మిది రోజులకే, దిగేటప్పుడు మెట్టుకి కాలు తగిలితే మెట్టుని క్షమించమని అడిగాను."

అప్పుడు షట్టరు మీద ఎవరో వేళ్ళతో కొట్టారు. కోటాయన మళ్ళీ వచ్చాడనుకుని, "కొంచెం ఊపిరి పీల్చుకుని పెట్టుకోండి, సరిపోతుంది" అన్నాను విసుగ్గా. షట్టరు కింద రెండు కాళ్ళు కనిపించాయి, నల్ల బూట్లు, వాటి పైన బూడిద రంగు కోటు అంచు. ఆ అంచు కుట్టు నాకు తెలుసు. పదకొండేళ్ళు నేను కుట్టిన కుట్టే.

ఒక అమ్మాయి వంగి లోపలికొచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గొంతు దాకా బొత్తాలు. పరిగెత్తుకొచ్చిందేమో రొప్పుతోంది.

"నిన్న వచ్చింది ఈ అమ్మాయే" అంది నర్సు వదిన.

"కళ్ళజోడు ఇవాళ ఇస్తామన్నారు. తోడొచ్చినావిడ ఆసుపత్రిలో కూర్చుంది. బాత్రూముకని చెప్పి వచ్చాను." ఆ అమ్మాయి మాటలు తడబడుతున్నాయి. "వెనక గుమ్మం గడియ తీసే ఉంది."

చెల్లి కోసం గురువారం తీసి ఉంచిన గడియ అది. వదిన వెయ్యడం మర్చిపోయింది.

ఆ అమ్మాయి కోటు చేతి మడతలోంచి ఒక కాగితం తీసి, ముగ్గురిలో ఎవరికివ్వాలో తెలీక, నా మిషను మీద పెట్టింది. పసుపు కాగితం, నాలుగు మడతలు. బాబాయ్ చేతిరాత, శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

"సోమవారం పొయ్యి దగ్గర నేనున్నాను. విప్పకూడదు. విప్పాను" అంది. "కాల్చలేదు. ఎవరికీ చూపించలేదు."

"ఎవరికీ?" అన్నాడు బాబాయ్.

"ఎవరికీ." తర్వాత నా వైపు తిరిగింది. "ఇందులో ఒక తప్పు రాసుంది. ముగ్గురం పగలబడి నవ్వాం, ఎవరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు అని. నిజమేనా?"

నిజమే అన్నాను. ఆ అమ్మాయి కాసేపు మమ్మల్నే చూసింది, మా నోళ్ళ వైపు.

నేను స్టూలు మీంచి లేచాను. "ఎవరికీ చూపించకపోతే గురువారం సంగతి పెద్దాయనకి ఎవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఎవరు ఆవిడ?"

"మీ చెల్లెలు. ఆదివారం ఆరింటికి, అందరితోపాటు కూర్చుని రాసింది. గురువారం వెళ్ళిపోవాలని అనుకుంటున్నాను అని. నేను పక్కనే ఉన్నాను. రాస్తూ ఏడ్చింది. రాయకుండా ఉండాలని చాలాసేపు కూర్చుంది, అందరూ వేసేశాక కూడా. ఆఖరికి మడిచి వేసేసింది. సోమవారం తెల్లారేసరికి పైన గదిలో ఉంది. మీకు నమస్కారాలని తలుపు సందులోంచి చెప్పింది ఆవిడే."

మేం దాన్ని పెద్దాయన వెక్కిరింత అనుకున్నాం.

ఇందాక తర్వాత చెప్తానన్న సంగతి ఇదే. మూడేళ్ళ కిందట నేను వచ్చేసిన రోజు చెల్లి నా పక్కనే కూర్చుని పిండి జల్లిస్తోంది. చెప్పలేదు. దానికి చెబితే ఆదివారం రాసేస్తుందని చెప్పలేదు. అది అబద్ధం రాయలేదు, ఎప్పుడూ రాయలేదు, రొట్టె ముక్క నాటి నుంచీ. ఇప్పుడే వస్తానని లేచాను. అది తలెత్తి "లేవచ్చా అని అడగలేదేం అక్కా?" అంది, నవ్వుతూ, నోటికి పిండి చెయ్యి అడ్డం పెట్టుకుని. అంతే. ఈసారీ అది రాసేస్తుందని నాకు ముందే తెలుసు. అందరికంటే ముందు తెలిసినదాన్ని, ఆదివారం రాకముందే తప్పించకుండా గురువారం దాకా దాన్ని అక్కడే వదిలేశాను. రాత్రంతా బాబాయ్‌ని తిట్టుకున్నాను గానీ, ఈ లెక్కన తప్పు నాదే.

బాబాయ్ నెమ్మదిగా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. తీసెయ్యలేదు నేను.

"పైకి తిండి తీసుకెళ్ళేది ఎవరు?" అని అడిగాడు ఆ అమ్మాయిని.

"నేనే. ఈ వారం నా వంతు. గడియ తియ్యగలను. మెట్ల కింద రొట్టెల బండి ఆగుతుంది. పగలు పదకొండుకి ఒకసారి, మూడింటికి ఒకసారి. ఆ టైములో ఎవరూ ఉండరు." గడగడా చెప్పేసింది, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చినట్టు.

నర్సు వదిన అప్పుడే సంచీ తీసుకుని లేచింది. "అయితే సోమవారం. నాకు సెలవుంది. నేనొక బండి మాట్లాడతాను..."

"సోమవారం కుదరదు" అంది ఆ అమ్మాయి.

"ఏం?"

ఆ అమ్మాయి తల దించుకుంది. కోటు పై బొత్తాం పట్టుకుని తిప్పుతోంది, ఊడిపోతుందేమో అనిపించేంతగా.

"ఆదివారం ఆరింటికి నేనూ రాయాలి కదా. ఉత్తరం విప్పాననీ, ఇక్కడికొచ్చాననీ, మీతో ఏం చెప్పాననీ. రాయకూడదనుకుంటాను. కానీ రాసేస్తాను. నాకు తెలుసు నేను రాసేస్తానని." కళ్ళెత్తి నన్ను చూసింది. "ఆలోపే ఏదైనా చెయ్యండి."

కోప్పడ్డానికి ఏం లేదు. ఇంతకంటే నిజం మాకెవరూ చెప్పలేరు. మేం ముగ్గురం ఒకప్పుడు ఆ అమ్మాయే.

గోడ వైపు తిరిగాను. పద్దెనిమిది గడియారాలు, ఒకదానికొకటి పొంతన లేకుండా కొట్టుకుంటున్నాయి. ఒకటి ఏడంటుంది, ఒకటి మూడంటుంది, ఒకటి ఎప్పుడో ఆగిపోయింది.

"బాబాయ్, వీటిలో ఏది కరెక్టు?"

ఆయన పైవరసలో చివరిదాన్ని చూపించాడు. శుక్రవారం, పది దాటి పది నిమిషాలు.